ముందు స్టవ్ ఆపండి

మార్చి 4, సోమవారం

ముందుగా నా రాతకు క్షమాపణ. నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి. ఒత్తు పెట్టాల్సిన చోట పెట్టను, అక్కర్లేని చోట రెండు పెడతాను. ఆరో తరగతిలో బడి మానేసినదాన్ని, ఇంతకంటే రాదు. అయినా ఈ క్షమాపణ ఎవరికి చెబుతున్నానో తెలియదు. ఇది నేను తప్ప ఎవరూ చదవకూడదు.

ఈ పుస్తకం ఆయనది. శిక్షణకు వెళ్తే అక్కడ ఇచ్చారట. కోచ్‌లు రోజూ తమ మనసులో మాట రాసుకోవాలట. మొదటి పేజీలో ఆయన "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని రాశారు. పెన్ను ఎంత నొక్కారంటే కింద పేజీకి చిల్లు పడింది. తర్వాత ఇంకేమీ రాయలేదు. ఇంటికి రాగానే "సరుకులు రాసుకో" అని నా ముందు పడేశారు. సరుకులు నాకు నోటికే గుర్తుంటాయి. మనసులో దాచుకోలేనివి ఇంకా చాలా ఉన్నాయి, అవి రాస్తాను.

మా ఇల్లంటే మైదానం చివర సామాన్ల గది వెనక రెండు గదులు. క్లబ్బు వాళ్లు కోచ్‌కి ఇచ్చారు. వంటింటి తలుపు తీస్తే బట్టల తీగ, తీగ అవతల కంచె, కంచె అవతల ఆడపిల్లల సాఫ్ట్‌బాల్. పేరుకు మెత్తని బంతి. ఒకసారి మా కిటికీకి తగిలింది. అప్పటినుంచి ఆ కిటికీకి అద్దం లేదు, అట్ట ఉంది.

కానీ తలుపుకు గడియ ఉంది. అత్తయ్య ఇంట్లో నాకు తలుపున్న గది లేదు. ఇక్కడ గడియ వేసుకుని ఒక్కదాన్నే పగలబడి నవ్వుకోవచ్చు. నవ్వుకుంటున్నాను కూడా.

ఆ గడియకే ఎసరొచ్చింది. పోయిన నెల క్లబ్బు సెక్రటరీ గారు మా గుమ్మంలో నిలబడి ఆయనతో అన్న మాటలు తలుపు చాటునుంచి విన్నాను. సెక్రటరీ గారు ఎప్పుడొచ్చినా నా చోటు అదే.

"చూడవయ్యా కోచ్. పోయిన మ్యాచ్‌లో పిల్లలు ఏడ్చుకుంటూ బయటికొచ్చారు. నువ్వేమో బకెట్టు తన్నావు. ముగ్గురు ఆట మానేశారు. వాళ్ల అమ్మానాన్నలు నా పీక మీద కూర్చున్నారు. వెళ్లి ఆ మనసు సంగతులేవో నేర్చుకురా. నెలాఖరు మ్యాచ్‌కి నేను వస్తాను. గెలుస్తావో ఓడతావో నాకనవసరం. ఒక్క పిల్ల ఏడుస్తూ మైదానం దాటిందా, ఈ ఇంటి తాళాలు నా చేతిలో పెట్టు."

సెక్రటరీ వెళ్లాక ఈయన గది మధ్యలో నిలబడి చాలాసేపు ఆలోచించారు. "అంటే గెలవాలి" అన్నారు చివరికి. "గెలిస్తే ఎవరేడుస్తారు?"

సెక్రటరీ గారన్నది అది కాదు కదా అనుకున్నాను. అనలేదు.

మార్చి 5, మంగళవారం

ఈరోజు శ్వాస పాఠం. నేలమీద వెల్లకిలా పడుకుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చాలి, నాలుగు లెక్కపెడుతూ ఆపాలి, నాలుగు లెక్కపెడుతూ వదలాలి. నన్ను పక్కన కూర్చుని చూడమన్నారు. రెండోసారి వదిలినప్పుడు గురక వచ్చింది. శిక్షణ ఫలించినట్టే.

మార్చి 7, గురువారం

ఊహించుకునే పాఠం. పిల్లలకు చెప్పే ముందు నా మీద ప్రయోగం.

"కళ్లు మూసుకో. ఒళ్లంతా వదులు చెయ్. ఎదురుగా ఒకటి నీ మీదికి దూసుకొస్తోంది. కనిపిస్తోందా?"

"ఆఁ."

కనిపించింది. అత్తయ్య.

"ఎంత వేగంగా వస్తోంది?"

"బాగా."

"భయంగా ఉందా?"

"కొంచెం."

"భేష్! భయపడు, కానీ కళ్లు తిప్పుకోకు. దాని మీదే చూపు పెట్టు. ఇప్పుడు బ్యాట్ ఎత్తు. కొట్టు!"

కొట్టలేదు. కానీ చాలాసేపు బ్యాట్ దించలేదు.

"నీకు మంచి ఊహాశక్తి ఉందే!" అని మెచ్చుకున్నారు. పెళ్లయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి అనుకుంటాను. కూర బాగుందని ఒకసారి అన్నారు, కానీ అది పక్కింటి వాళ్లిచ్చిన కూర.

సాయంత్రం పిల్లలందరినీ గడ్డిలో పడుకోబెట్టి ఇదే చెప్పారు. సగం మంది నిద్రపోయారు. మిగతా సగాన్ని చీమలు కుట్టాయి.

మార్చి 10, ఆదివారం

బట్టలు ఆరేస్తుంటే వినపడింది. వినాలని వెళ్లలేదు, తీగ అక్కడే ఉంది మరి.

"తమతో తాము మాట్లాడుకోవడం అనేది చాలా ముఖ్యం" అంటున్నారు. శిక్షణ ఇచ్చిన మేడమ్ ఇలాగే చెప్పిందట, ఆవిడలాగే చెయ్యి కూడా తిప్పుతూ. "బంతి జారిపోయినప్పుడు మీ లోపల ఒక గొంతు ఏదో అంటుంది. ఆ మాట పైకి చెప్పండి. నేనేమీ అనుకోను."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా గిరక లేచింది. జట్టులో బంతి విసిరేది ఆ పిల్లే. చేయి కిందినుంచి గిర్రున తిప్పి విసురుతుంది, అందుకే ఆ పేరు. చేతులు నడుం మీద పెట్టుకుంది, గడ్డం పైకెత్తింది, గొంతు లావు చేసింది.

"అవి చేతులా, గరిటెలా?"

అందరూ ఫక్కున నవ్వారు. ఉడత లేచింది. అది రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ, అంటే మైదానంలో రెండో మూలకీ మూడో మూలకీ, మధ్య అటూ ఇటూ పరుగెత్తే బక్క పిల్ల. "నీకంటే గుంజ నయం, కనీసం బంతికి అడ్డమైనా ఉంటుంది." మళ్లీ నవ్వు. మొహానికి పంజరం కట్టుకునే క్యాచర్ పిల్ల, "నిద్రపోమ్మా, ఆట అయ్యాక లేపుతాం" అంది. ఈసారి నవ్విన వాళ్లు తగ్గారు. తర్వాతి పిల్ల చెప్పేసరికి ఎవరూ నవ్వలేదు.

అవన్నీ ఈయన మాటలే. నాకూ కంఠతా వచ్చు, కంచె పక్కనే కదా కాపురం.

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "ఇంకెవరి గొంతూ వినపడదా?" అని అడిగారు.

"లేదు సార్" అంది ఉడత, ఓదార్చుతున్నట్టు. "మీదే బాగా గట్టిగా ఉంటుంది."

అంతమంది తలల్లోనూ ఈయనే కుర్చీ వేసుకుని కూర్చున్నారన్నమాట. మా ఇల్లు ఖాళీ చేయమన్నా ఈయనకేం, ఇన్ని ఇళ్లున్నాయి.

మార్చి 11, సోమవారం

నిన్నటినుంచి ఆయన అరవలేదు. సరిగా తినలేదు కూడా. అరుపుకు బలం అన్నంలోంచే వస్తుందేమో.

మార్చి 13, బుధవారం

"నీకు కూడా లోపల ఏదో ఒక గొంతు వినపడుతుందా?" అని అడిగారు ఈ పూట, చెప్పులు వేసుకుంటూ.

ఏమీ లేదన్నాను.

మార్చి 16, శనివారం

ఈయన సొంతంగా ఒక విద్య కనిపెట్టారు. మేడమ్ చెప్పిందేమిటంటే, తప్పు జరిగాక దాన్నే మోసుకుని తిరగకుండా, ఏదో ఒక చిన్న పని చేసి అక్కడితో వదిలేయాలట. ఈయన పని మట్టి. చిటికెడు మట్టి తీసుకోవాలి, భుజం మీదుగా వెనక్కి విసరాలి, గాలి వదలాలి, "పోయింది" అనాలి. తప్పు పోయినట్టే.

పిల్లలకు భలే నచ్చింది. ఈయనకు ఇంకా నచ్చింది. ఇంట్లోనూ మొదలుపెట్టారు. పొద్దున నా మీద టీ ఒలికింది. కిటికీలో పూలకుండీలోంచి చిటికెడు మట్టి, భుజం మీదుగా, పోయింది. మధ్యాహ్నం ఫోన్లో అత్తయ్యతో "దానికేం తెలుసమ్మా, నేను చూసుకుంటాలే" అన్నారు. నేను ఎదురుగానే ఉన్నాను. కుండీలో చెయ్యి పెట్టారు. పోయింది.

ఆయన తప్పులన్నీ వంటింట్లోనే పడతాయి. నేను ఊడుస్తున్నాను.

మార్చి 17, ఆదివారం

ఈరోజు జరిగింది వివరంగా రాయాలి. తలుచుకున్నప్పుడల్లా పొట్ట పట్టుకుంటున్నాను. నవ్వాల్సిన విషయం కాదని తెలుసు.

ఊరవతల బడి జట్టుతో సరదా ఆట పెట్టుకున్నారు. వాళ్ల పిల్ల కొట్టిన బంతి దొర్లుకుంటూ ఉడత దగ్గరకు వచ్చింది. ఉడత చేతిలోంచి జారింది. బంతి దాని కాళ్ల దగ్గరే పడి ఉంది. ఉడత ఏం చేసింది? వంగింది. చిటికెడు మట్టి తీసింది. కళ్లు మూసుకుంది. తీరిగ్గా విసిరింది. గాలి పీల్చింది, ఆపింది, వదిలింది. "పోయింది" అంది.

నిజంగానే పోయింది. వాళ్ల పిల్ల నాలుగు మూలలూ తిరిగి ఇంటికొచ్చేసింది. బయల్దేరిన మూలనే ఇల్లంటారు, అక్కడికి చేరితే ఒక పరుగు.

అది చూసి గిరకకు తన మీద తనకే కోపం వచ్చింది. కాబట్టి అదీ మట్టి విసిరింది. ఉడత మట్టి రెండో బేస్ దగ్గరున్న పిల్ల కంట్లో పడింది. ఆ పిల్ల కళ్లు నులుముకుంటూనే ఇంకో చిటికెడు తీసింది. ఈయన అరవడానికి నోరు తెరిచి, అరవకూడదని గుర్తొచ్చి, వంగి గుప్పెడు తీశారు. చిటికెడు చాల్లేదు మరి. అంపైర్ విజిల్ ఊదుతూనే ఉన్నాడు. మైదానమంతా ఎర్రటి దుమ్ము. నా బట్టలన్నీ మళ్లీ ఉతకాలి.

అవతలి జట్టు కోచ్ పోతూ పోతూ "మీరు ఆట నేర్పుతున్నారా, తోటపనా?" అని అడిగింది.

గడియ వేసుకుని నవ్వాను. తర్వాత ఆ గడియ వంకే చూస్తూ కూర్చున్నాను. నెలాఖరు దగ్గరికి వస్తోంది.

మార్చి 19, మంగళవారం

నేను అరిచాను.

పాలు స్టవ్ మీద పెట్టి, కాస్త చూస్తుండమని ఆయనకు చెప్పి బట్టలు తేవడానికి వెళ్లాను. వచ్చేసరికి పాలు పొంగి, స్టవ్ మీదుగా గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి కారుతున్నాయి. ఇంకా పొంగుతూనే ఉన్నాయి. ఈయన కుండీ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, మట్టి విసిరి, గాలి పీల్చి ఆపి ఉన్నారు.

"ముందు స్టవ్ ఆపండి!"

సామాన్ల గది కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఈయన గెంతి స్టవ్ ఆపేశారు, వేలు కాల్చుకున్నారు. తర్వాత ఇద్దరం వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాం, అరిచిందెవరా అని.

"ఏదీ, ఇంకోసారి అను" అన్నారు.

"ఏమిటి?"

"ఇప్పుడన్నదే."

"నేనేమీ అనలేదు."

ఆయన పాలలో నిలబడి, కాలిన వేలు నోట్లో పెట్టుకుని, చాలాసేపు కుండీ వైపు చూశారు. నేల నేనే తుడిచాను.

మార్చి 20, బుధవారం

ఆయన నన్ను పిల్లలకు చూపించారు.

అంటే నన్ను కాదు, నాలా చేసి చూపించారు. చంకలో బట్టల మూట పెట్టుకున్నట్టు, నోరు చెవుల దాకా తెరిచి, కళ్లు బయటికి పెట్టి, "ముందు స్టవ్ ఆపండీఈఈ!" పిల్లలు గడ్డిలో పడి దొర్లారు. నేను తీగ దగ్గరే ఉన్నాను. తడి దుప్పటి వెనక్కి వెళ్లిపోయాను.

"అర్థమైందా?" అంటున్నారు. "బంతి జారింది, నిజమే. కానీ ఆట ఆగిందా? పాలు ఇంకా పొంగుతున్నాయి! ముందు బంతి తీసి విసరాలి. అది స్టవ్ ఆపడం. అంపైర్ ఆట ఆపాక మట్టి, గాలి, ఏమైనా చేసుకోండి. ఇది నా తప్పు, నేనే మీకు తిరగేసి చెప్పాను."

తర్వాత సాయంత్రమంతా మైదానంలో ఎవరి చేతిలోంచి బంతి జారినా మిగతా వాళ్లు "స్టవ్! స్టవ్!" అని ఒకటే అరుపు. బాగానే పని చేసింది. ఉడత కింద పడ్డ ప్రతి బంతీ తీసి విసిరింది.

వెళ్లేటప్పుడు గిరక కంచె దగ్గర ఆగి "స్టవ్ అక్కా, వెళ్లొస్తాం!" అంది.

తలుపు వేసేశాను.

మార్చి 21, గురువారం

బయటికి వెళ్లలేదు. ఉతకాల్సిన బట్టలు లేవు.

బట్టలున్నాయి.

మార్చి 22, శుక్రవారం

"అలిగావా?" అన్నారు. లేదన్నాను. కుండీలో చెయ్యి పెట్టి, పోయింది అన్నారు. మొక్క వేర్లు బయటపడ్డాయి.

నేను నా పళ్లెం తీసుకుని రెండో గదిలోకి వెళ్లి తిన్నాను. ఇలాంటి పని ఎప్పుడూ చేయలేదు. కూరలో ఉప్పు ఎక్కువైంది, లేకపోతే ఇంకా బాగుండేది.

మార్చి 24, ఆదివారం

పాలగిన్నె మాడు ఇంకా వదల్లేదు. అదే తోముతున్నాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కుండీ వైపు చెయ్యి వెళ్లింది, ఆగింది. చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"పిల్లల ముందు నిన్నలా చేసి చూపించకుండా ఉండాల్సింది. అడిగి చేయాల్సింది."

"అడిగితే వద్దనేదాన్ని."

"అందుకే అడగలేదు."

"తెలుసు."

నేను తోముతూనే ఉన్నాను.

"తప్పే" అన్నారు. "పిల్లలకు కూడా రేపు చెబుతాను, అక్కా గిక్కా అంటూ ఏడిపించొద్దని."

"అక్క అనొచ్చు. ముందున్నది వద్దు."

"సరే." వెళ్లబోయి మళ్లీ ఆగారు. "ఆవేళ అడిగాను చూడు, నీ లోపల గొంతేమైనా ఉందా అని. లేదన్నావు."

"ఉంది."

"ఏమంటుంది?"

చేతిలో గిన్నె ఉంది కాబట్టి చెప్పగలిగాను. ఖాళీ చేతులతో అయితే చెప్పలేకపోయేదాన్ని. "నీకేం తెలుసులే, అంటుంది."

"అమ్మ గొంతా?"

"మీదే."

"నేనా? నేనెప్పుడన్నాను? ఊరికే ఏదో ఒకటి ఊహించుకుని... నీకేం తెలు..."

అక్కడ ఆగిపోయారు. నోరు అలాగే తెరుచుకుని ఉంది. నాకు నవ్వాగలేదు. గడియ కూడా వేసుకోలేదు, ఆయన ఎదురుగానే నవ్వేశాను. ఆయన నవ్వలేదు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, చేతిలోంచి గిన్నె తీసుకుని తోమడం మొదలుపెట్టారు. ఏమాత్రం చేతకాదు. మాడు అలాగే ఉంది. నేను చెప్పలేదు.

మార్చి 27, బుధవారం

ఆట చూడటానికి కాదు, ఎండ బాగుందని తీగ దగ్గర నిలబడ్డాను.

ఈమధ్య ఆయన పాఠాలు తగ్గించేశారు. మేడమ్‌లా చెయ్యి తిప్పడం మానేశారు. ఒక్కో పిల్ల దగ్గరా కూర్చుని, నా మాట బదులు నీకు ఏ మాట వినాలని ఉంది అని అడుగుతున్నారు. గిరక రెండు రోజులు ఆలోచించి "ఇంకోటి వెయ్" అని ఎంచుకుంది. ఉడత "వంగు" అంది, అంతే. క్యాచర్ పిల్ల తన మాట ఎవరికీ చెప్పదట. ఆయన చెవిలో మాత్రం చెప్పింది. ఆయన చెవి ఎర్రబడింది. అది తిట్టే అయి ఉంటుంది.

"నీకే మాట కావాలి?" అని నన్నూ అడిగారు ఇంటికొచ్చాక.

ఆలోచించి చెబుతానన్నాను. నన్నెవరూ ఇలాంటివి అడగలేదు, తొందరపడి ఏదో ఒకటి అనేస్తే ఎలా.

మార్చి 29, శుక్రవారం

రేపే మ్యాచ్. అత్తయ్య ఫోన్ చేసి, మీ సామాన్లు పెట్టుకోవడానికి మంచం కింద చోటు చేశానంది. ఇంకా ఓడిపోనేలేదు.

మార్చి 30, శనివారం

అక్షరాలు రోజూ కంటే ఘోరంగా వస్తున్నాయి. అయినా అంతా రాస్తాను.

మైదానం చుట్టూ జనం. సెక్రటరీ గారు పిల్లల బెంచీ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఎదురుగా ఆట జరుగుతుంటే ఆయన మాత్రం పిల్లల కళ్లనే చూస్తున్నారు, ఎక్కడ తడి తగులుతుందా అని. నేను తీగ దగ్గర, పెద్ద టబ్బులో దుప్పట్లు నానేసి నిలబడ్డాను.

మావాళ్లు టాస్ ఓడిపోయి ముందు బ్యాటింగ్ చేశారు. ఈయన అరుపు రాకుండా విజిల్ పళ్ల మధ్య బిగించుకున్నారు. అంతవరకు మంచి ఆలోచనే. కానీ గిరక మొదటి బంతి విసరబోయేసరికి ఈయనకు కంగారు పుట్టి, మేడమ్ చెప్పినట్టు పీల్చి, ఆపి, గట్టిగా వదిలారు. పీఈఈ. ఆట ఆగింది. కాసేపటికి మళ్లీ పీఈఈ. అంపైర్ వచ్చి చెయ్యి చాపి విజిల్ తీసేసుకున్నాడు. అప్పటినుంచి ఈయన పెదాలు రెండూ లోపలికి మడుచుకుని నిలబడ్డారు, పళ్లు లేని ముసలాయనలాగా.

కానీ పిల్లలు! ఎంత బాగా ఆడారో. చేతిలోంచి జారితే తీశారు, విసిరారు, ఆట ఆగాక మట్టి చల్లుకున్నారు. గిరక ప్రతి బంతికీ ముందు పెదాలు కదిపింది. చివరి ఇన్నింగ్స్‌కి మావాళ్లు ఒక పరుగు ముందున్నారు. అవతలి జట్టులో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కరు అవుటైతే మనదే. కానీ వాళ్ల పిల్లలిద్దరు రెండో బేస్‌లో ఒకరు, మూడో బేస్‌లో ఒకరు పరుగుకు సిద్ధంగా ఉన్నారు.

గిరక విసిరింది. వాళ్ల పిల్ల కొట్టింది. బంతి దూసుకుంటూ ఉడత దగ్గరకు వచ్చి, చేతికి తగిలి, కాళ్ల దగ్గర పడింది. మూడో బేస్ పిల్ల ఇల్లు చేరింది. సమానం. రెండో పిల్ల కూడా పరుగు తీస్తోంది. ఉడత కిందికి వంగింది. చెయ్యి మట్టి వైపు వెళ్లింది.

ఇక నాకేమైందో తెలియదు.

"స్టవ్!" అని అరిచాను. "ముందు స్టవ్ ఆపవే!"

అది గొంతా, సైరనా. అంపైర్ ఉలిక్కిపడ్డాడు. సెక్రటరీ గారి చేతిలో టీ ఒలికింది. పరుగెత్తుతున్న వాళ్ల పిల్ల కూడా ఒక్క అడుగు తడబడింది. ఉడత అప్పటికే బంతి అందుకుంది, అదిరిపడి నా వైపు తిరిగింది, తిరిగిన చేత్తోనే విసిరేసింది. బంతి కంచె మీదుగా, తీగ మీదుగా వచ్చి నా టబ్బులో బుడుంగున మునిగింది.

మైదానం దాటిన బంతికి అంపైర్ పరుగు ఇచ్చేశాడు. ఆట అయిపోయింది. ఒక్క పరుగుతో ఓడిపోయాం.

తర్వాత ఉడత చెప్పింది నాకు, పాపం చాలా మెల్లగా: "అక్కా, నేను వంగింది బంతి కోసమే."

కానీ అది తర్వాత. అప్పుడైతే ఎవరూ కదల్లేదు. పిల్లలందరూ ఈయన వైపు చూశారు. ఈయన మడుచుకున్న పెదాలు మెల్లగా బయటికొచ్చాయి. పక్కనే బకెట్టు ఉంది. నేను తీగ పట్టుకున్నాను. నా వల్లే. ఆ పిల్లలు ఏడుస్తారు, తాళాలు పోతాయి, మంచం కింద చోటు తయారుగా ఉంది. పెళ్లయ్యాక ఎనిమిది నెలలు గుమ్మం బయట నోరెత్తనిదాన్ని, ఎత్తి ఎత్తి ఇప్పుడెత్తాను.

ఆయన బకెట్టు పక్కనుంచి నడిచి ఉడత దగ్గరకు వెళ్లారు. "చేతికి దెబ్బ తగిలిందా?" అని అడిగారు.

"లేదు సార్." దాని గడ్డం వణుకుతోంది.

"బంతేది?"

"అక్క టబ్బులో ఉంది సార్."

"దుప్పట్లతోనా?"

"అవును సార్."

"ఎంత దూరం విసిరావే!" అన్నారు ఈయన. ఎగతాళికి కాదు, నిజంగా ఆశ్చర్యపోయారు. "అక్కడినుంచి టబ్బులోకా? కావాలని విసిరినా పడదు!"

క్యాచర్ పిల్ల పంజరంలోంచి ముందుగా కిచకిచమంది. తర్వాత గిరక. ఉడత ఏడవడానికి వంకర పెట్టిన మూతి అటూ ఇటూ పోయి చివరికి నవ్వులోకి తిరిగింది. అవతలి జట్టు పిల్లలు గెలిచి కూడా అంతగా నవ్వలేదు. మా పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ, "స్టవ్ ఆపవే" అని ఒకరికొకరు చేసి చూపించుకుంటూ మైదానం దాటారు. వద్దన్నా సరే అంటున్నారు. అననీ.

సెక్రటరీ గారు లేచి ఒక్కో మొహం పరీక్షగా చూశారు. అందరి కళ్లలోనూ నీళ్లున్నాయి, కానీ అవి నవ్వి నవ్వి వచ్చినవి. ఆ సంగతి ఆయనకూ తెలుస్తూనే ఉంది. అప్పుడు కంచె ఇవతల నన్ను చూశారు.

"కోచ్! మాటంటే మాటే. అదిగో, అక్కడొకమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏమంటావు?"

అప్పటిదాకా నేను ఏడుస్తున్నానని నాకే తెలియదు.

"ఆ అమ్మాయి మా జట్టు కాదు సార్" అన్నారు ఈయన.

"మరెవరు?"

"మా ఆవిడ."

సెక్రటరీ గారు నా వంక, ఈయన వంక, మళ్లీ నా వంక చూశారు. "నీకు పెళ్లయిందా?"

"ఎనిమిది నెలలైంది సార్. ఇక్కడే ఉంటుంది."

"ఇక్కడా? ఆ రెండు గదుల్లోనా? నేనెన్నిసార్లు వచ్చాను!" కంచె దగ్గరకు వచ్చి నన్ను తేరిపార చూశారు. నేను దుప్పటి వెనక్కి వెళ్లబోయాను. దుప్పట్లన్నీ టబ్బులోనే ఉన్నాయి, దాక్కోవడానికి ఏమీ లేదు. "ఏమ్మా, ఇందాక అరిచింది నువ్వేనా?"

"నేనేనండీ" అన్నాను. "ఓడిపోయింది నా వల్లేనండీ, పిల్లల తప్పు లేదు. ఆయన తప్పు కూడా లేదు. తాళాలు మాత్రం అడక్కండి, ఇవ్వను."

చివరి మాట నేను అనాలనుకోలేదు. వెనకే వచ్చేసింది.

సెక్రటరీ గారు రుమాలు తీసి చొక్కా మీద టీ తుడుచుకున్నారు. "నేనడగలేదే!" అన్నారు. "ఉంచుకో తల్లీ. ఒక్క మాట, ఈసారి నుంచి మ్యాచ్ రోజు బట్టలు ఉతక్కు."

మార్చి 31, ఆదివారం

పొద్దున ఇద్దరం ఆలస్యంగా లేచాం. టీ తాగుతూ "నా వల్లే కదా ఓడారు" అన్నాను. కాదంటారేమోనని.

"అవును" అన్నారు. "నూటికి నూరుపాళ్లూ నీ వల్లే."

మట్టి లేదు, గాలి లేదు, ఏమీ లేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

"అయినా అంత గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?"

"మీరు మీది ఆపితేగా నాది వినపడటానికి."

ఏదో అనబోయారు. టీ గటగటా తాగేశారు, వేడిది, కళ్లలో నీళ్లొచ్చాయి. నేర్చుకుంటున్నారు పాపం.

ఈ పుస్తకంలో ఇంకా చాలా పేజీలు మిగిలాయి. సరుకులు రాసుకుంటాను, ఆయన అడిగితే అవే చూపించవచ్చు. ఇది పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే, దయచేసి కాల్చేయండి. ఇక్కడి దాకా చదివాకే ఈ మాట కనపడిందంటే మీకు సిగ్గు లేదన్నమాట, అయినా కాల్చేయండి.

చదివింది నా ముందు ఈ పుస్తకం పడేసిన మీరే అయితే, కాల్చి, ఏమీ ఎరగనట్టు ఊరుకోండి. నాకు చెప్పాలనిపించినవి నేనే నోటితో చెబుతాను. మీరు మధ్యలో అడ్డుపడకుండా కూర్చోండి, చాలు.